ఉలవలా, ఓట్సా, తవుడా? పెళ్లి గుర్రానికి ఏది మేలు

పోయిన మాఘమాసంలో పాకాల దగ్గర్నించి ఒక పిల్లోడు ఫోన్ చేసినాడు. మెరవణులకు తిప్పుదామని కొత్తగా తెల్లగుర్రం కొన్నాడంట. "అన్నా, దీనికి ఉలవలు పెట్టాల్నా, ఓట్స్ తెప్పించాల్నా? ఒకాయనేమో తవుడు చాలంటాడు" అన్నాడు.

"అదట్లుండనీ. గడ్డేమేస్తా ఉండావు?"

"వరిగడ్డేన్నా. ఆవులకేసేదే."

దాణా గురించి అడిగేవాళ్లందరిదీ ఇదే వరస. ఉలవల మీద అరగంట మాట్లాడతారు, గడ్డి మాట మనం అడిగితే తప్ప రాదు. మా నాయన తిరుపతి స్టేషన్ కాడ జట్కా తోలినాడు. నేను చంద్రగిరి పక్కన కొట్టం వేసుకొని పెళ్లిళ్లకు రెండు గుర్రాల్ని తిప్పుతున్నాను. మా ఇంట్లో రెండు తరాలుగా సాగుతున్న తగాదాయే ఇది. ఆ పిల్లోడికి చెప్పిందే ఇక్కడ కొంచెం తీరిగ్గా రాస్తున్నాను.

ముందు గుర్రం పొట్ట సంగతి. ఆవుకు నాలుగు అరల పొట్ట. తిన్న గడ్డిని మొదటి అరలోనే పులియబెట్టుకొని, నెమరేసుకొని అరిగించుకుంటుంది. గుర్రానికి ఉన్నది ఒక్కటే పొట్ట, అదీ 10 నుంచి 15 లీటర్లు పట్టేంత చిన్నది. పీచు పులిసే పని అంతా వెనకాల పెద్దపేగులో జరుగుతుంది. ఆ పొట్టలో ఆమ్లం రేయింబవళ్లు ఊరుతూనే ఉంటుంది కాబట్టి గంటలకొద్దీ ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి. పోనీ ఒకేసారి గింజలు దండిగా పెడితే, అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి దిగి అక్కడ పులిసి కడుపునొప్పి, గిట్టల వాపు తెస్తుంది. పైగా గుర్రానికి వాంతి చేసుకునే యోగం లేదు. లోపలికి పోయింది ఎంత చెడ్డదైనా అటునించి అటే పోవాలి.

350 కిలోల గుర్రానికి రోజుకు ఎండు లెక్కన సుమారు 7 కిలోల మేత కావాలి. అందులో కనీసం 5 కిలోలకు పైన గడ్డే ఉండాలి. మిగిలిన కిలో, రెండు కిలోల మీదే మన ఉలవలా ఓట్సా పంచాయితీ అంతా. అందుకే గడ్డి నుంచి మొదలుపెడతాను.

మన వైపు దొరికేవి నాలుగు. వరిగడ్డి చవక, ఎక్కడైనా దొరుకుతుంది. కానీ అందులో సత్తువ తక్కువ, ఇసకలాంటి సిలికా ఎక్కువ. నీళ్లు చాలని రోజున పేగులో ఉండకట్టుకుంటుంది. ఆవు దాన్ని లాగించగలదు. గుర్రానికి అది కాలక్షేపానికి నమలడానికి పనికొస్తుందే గాని కడుపు నింపే మేత కాదు.

చెనిక్కాయ కట్టె, అంటే కాయ దూసేశాక మిగిలే వేరుశెనగ చెట్టు, దానికంటే చాలా మేలు. ఆకు నిలిచిన కట్టె అయితే మాంసకృత్తులు బాగా ఉంటాయి, గుర్రాలు ఇష్టంగా తింటాయి. చిక్కల్లా రెండుచోట్ల. చెట్టును వేరుతో సహా పీకుతాం కాబట్టి మన్ను అంటుకొని వస్తుంది. ఆ మన్ను పేగులో పేరుకుంటే ఇసుక శూల, అంటే కడుపునొప్పి, వస్తుంది. రెండోది, మన దగ్గర కాయ పీకే అక్టోబరు, నవంబరు నెలల్లోనే ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. వామి వేసేటప్పుడు కట్టెలో తడి ఉంటే లోపల బూజు పడుతుంది. ఆవు తిని ఊరుకుంటుందేమో, గుర్రం ఊరుకోదు. నేను కట్టె కొనే ముందు వామిలోకి చెయ్యి దూర్చి చూస్తాను. లోపల వెచ్చగా తగిలినా, ముక్క వాసన వచ్చినా వెనక్కి తిరిగేస్తాను. కొన్నాక కూడా వేర్లు నరికి, బాగా విదిలించాకే వేస్తాను. చెనిక్కాయల నూనె తీశాక మిగిలే చెక్కను మాత్రం నా కొట్టంలోకి రానివ్వను. బూజుతో పుట్టే అఫ్లాటాక్సిన్ కంటికి కనపడదు, అది గుర్రం కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

మూడోది నేపియర్ గడ్డి. మన జిల్లాలో పాడి ఉన్న ప్రతి రైతూ ఇప్పుడు గట్టునో మడినో వేసుకుంటున్నాడు, పక్కింటి నుంచి ఊరికే దొరుకుతుంది కూడా. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. అందులో ఆక్సలేట్లు ఎక్కువ. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు వాటిని విరగ్గొట్టేస్తాయి. గుర్రంలో మాత్రం ఆ ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసుకొని ఒంటికి అందనియ్యవు. నెలల తరబడి అదొక్కటే మేస్తే ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం తీసుకుంటుంది. దవడ, ముఖం ఎముకలు ఉబ్బుతాయి, ఎందుకో తెలియకుండా కుంటుతుంది. నేపియర్ వేయొద్దని కాదు. సగానికి మించనీయొద్దు, దానికి తోడు లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత వేయండి. లూసర్న్‌లో కాల్షియం దండిగా ఉంటుంది. నీళ్లున్న బావి కింద రెండు సెంట్లు వేసుకున్నా ఒక గుర్రానికి ఆసరా. అయితే కోసిన లూసర్న్ రాత్రంతా కుప్పగా పడి వేడెక్కితే పొద్దున అది వేయకూడదు, కడుపు ఉబ్బుతుంది.

ఇక నా ఓటు ఎవరికంటే, గరికకు. వినాయక చవితికి తప్ప మనకు గుర్తురాని గరిక. పొలం గట్ల మీద కోసి, నీడలో ఆరబెడితే గుర్రానికి అంతకన్నా ఒంటికి పట్టే గడ్డి మన నేలలో నాకు కనబడలేదు. కోసే మనిషి దొరకడమే కష్టం. అందుకే నా కొట్టంలో దొరికినన్నాళ్లు గరిక, తక్కువైతే చెనిక్కాయ కట్టె, పైన ఒక కట్ట లూసర్న్. పచ్చిజొన్న జోలికి పోను. దానివల్ల గుర్రాలకు మూత్రకోశం చెడి, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి.

ఇప్పుడు దాణా. తవుడు తీర్పు ముందే చెప్పేస్తాను, అది ఓడిపోయింది. బియ్యపు తవుడులోగాని గోధుమ పొట్టులోగాని భాస్వరం ఎక్కువ, దాని ముందర కాల్షియం చాలా తక్కువ. గుర్రానికి కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా, వీలైతే ఒకటిన్నర రెట్లు ఉండాలి. తవుడు, నేపియర్ కలిపి పెట్టారంటే ఎముకల్ని రెండు వైపుల నుంచీ తవ్వుతున్నట్టే. మందు కలపడానికి ఓ గుప్పెడు పొట్టు వాడండి, అంతవరకే.

ఉలవలకూ ఓట్సుకూ మాత్రం నిజమైన పోటీ ఉంది. ఉలవల్లో మాంసకృత్తులు 22 శాతం దాకా ఉంటాయి. ఓట్సులో అందులో సగమే. పని లేకుండా నిలబడే 350 కిలోల గుర్రానికి రోజుకు అవసరమైన మాంసకృత్తులు 440 గ్రాముల చిల్లర. కిలో ఉలవలతోనే అందులో సగం వచ్చేస్తుంది, మిగతాది మంచి గడ్డి ఇస్తుంది. ఉలవల్లో కాల్షియం, భాస్వరం దాదాపు సమానంగా ఉంటాయి. తూకం వేస్తే ఓట్స్ ఈ విషయంలో చాలా వెనక. మన మెట్టపొలాల్లో వాన ఆలస్యమై చెనిక్కాయ వేయలేకపోతే వేసేది ఉలవే కాబట్టి ఊళ్లోనే దొరుకుతాయి, ఓట్స్ మాత్రం ఎక్కడో ఉత్తరాది నుంచి రావాలి.

మరి ఓట్స్ ఎందుకు గెలుస్తాయంటే భద్రత వల్ల. పొట్టుతో ఉన్న ఓట్సులో పీచు ఎక్కువ, గింజ మెత్తన, నానబెట్టకపోయినా ఉడకబెట్టకపోయినా గుర్రం నమిలి అరిగించుకుంటుంది. కొలత కొంచెం అటూ ఇటూ అయినా ఉలవలంత ప్రమాదం లేదు. పందేలకో, దూరం పరిగెత్తడానికో పెంచేవాళ్లు ఓట్స్ వైపు మొగ్గడంలో న్యాయముంది. ఉలవలు ఆ చొరవ ఇవ్వవు. పచ్చివి గట్టిగా ఉంటాయి, మాంసకృత్తుల్ని అరగనివ్వని గుణమొకటి వాటిలో ఉంటుంది, ఉడికిస్తేనే అది పోతుంది. రాత్రి నానబోసి, పొద్దున గుగ్గిళ్లు చేసి, చల్లార్చి పెట్టాలి. చిత్తూరు ఎండల్లో పొద్దుటి గుగ్గిళ్లు సాయంత్రానికి పులుస్తాయి, కాబట్టి పూటకాపూట ఉడికించుకోవాలి. బద్ధకం ఉన్నవాడు ఉలవల గుర్రం పెట్టుకోకూడదు. ఎక్కువైతే మూత్రం ఘాటెత్తి, కొట్టమంతా అమ్మోనియా కంపు కొడుతుంది. దాన్ని బట్టే కొలత తగ్గించుకోవచ్చు.

మెరవణి గుర్రం చేసే పనేమిటి? సాయంత్రం రెండు గంటలు బ్యాండు ముందర మెల్లగా నడవడం. దానికి రోజుకు కిలో ఉలవలు, రెండు పూటలుగా, చాలు. పెళ్లిళ్లు వరసగా ఉన్న వారంలో దానికి అరకిలో బార్లీ నలిపి కలుపుతాను. ఏ మార్పయినా ఒక్కరోజులో చేయను, పదిరోజులు పట్టించి చేస్తాను. మా నాయన కిలోలు చూసేవాడు కాదు, పంచాంగం చూసేవాడు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం పని నెలలు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం గుర్రం కొట్టంలో నిలబడే నెలలు. ఆషాఢంలోనూ అదే దాణా పెట్టి, శ్రావణం మొదటి ముహూర్తానికి బయటికి తీస్తే పది అడుగులు వేయగానే గుర్రం చెమటలు పట్టి, తుంటి కండరాలు రాయిలా బిగుసుకొని నిలబడిపోతుంది. మూత్రం కాఫీ రంగులో వస్తుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని సోమవారం జబ్బు అనేవాళ్లు, ఆదివారం సెలవులో మేత తగ్గించక వచ్చేదని. మన దగ్గర దానికి ఆషాఢం జబ్బని పేరు పెట్టొచ్చు. పని లేనప్పుడు దాణా సగానికి దించండి, గడ్డి దించకండి, రోజూ అరగంట నడిపించండి.

బయటి తిండి గురించి నా కథొకటి చెప్తాను. ఏడేళ్ల కిందట ఒక కల్యాణ మండపంలో మెరవణి అయ్యాక నేను భోజనానికి కూచున్నాను. ఎవరో పుణ్యాత్ముడు మిగిలిన అన్నం గంపెడు మా ఆడగుర్రం ముందర పెట్టినాడు. అది చక్కగా తినేసింది. రెండోరోజు ముందుకాళ్ల మీద బరువు మోపడం లేదు. వెనక్కి వాలి నిలబడి ఉంది. గిట్టలు పట్టుకుంటే కాలుతున్నాయి, మడమ పైన నాడి దడదడమని కొట్టుకుంటోంది. అది లామినైటిస్. గిట్ట లోపల ఎముకను పట్టి ఉంచే పొరలు వాచిపోవడం. చల్లటి నీళ్లలో కాళ్లు నిలబెట్టి, డాక్టరు మందులతో ఆరునెలలు పోరాడాం. బతికింది, మళ్లీ మునుపటి నడక రాలేదు. అప్పటినుంచి మెరవణి అయిపోతూనే మూతికి చిక్కం కట్టేస్తాను. లడ్డూ తినిపించి ఫొటో తీసుకుంటామని వచ్చే పెళ్లివాళ్లతో గొడవలవుతుంటాయి. పడతాను.

పక్కూరి డెయిరీ నుంచి పశువుల మిక్చర్ ఒక బస్తా తెచ్చుకుందామనే ఆలోచన వద్దు. కోళ్ల దాణా అసలే వద్దు. కొన్నింటిలో మోనెన్సిన్ కలుపుతారు. ఆవుకు, కోడికి మేలు చేసే ఆ మందే గుర్రం గుండె కండరాన్ని చంపుతుంది. కిలో ఒంటి బరువుకు 2, 3 మిల్లీగ్రాములే ప్రాణాంతకం.

శూల వచ్చినప్పుడు నాటు మందా, డాక్టరా? కడుపు వైపు తిరిగి చూసుకోవడం, కాలితో నేల గీరడం, దొర్లడం, లద్దె వేయకపోవడం కనబడితే మేత తీసేయండి. మెల్లగా నడిపించడం మన పాతవాళ్ల మంచి వైద్యం, దాన్ని ఒప్పుకుంటాను. సీసాతో నోట్లో ఆముదం పోయడం మాత్రం ఒప్పుకోను. నొప్పితో తల ఎత్తేసిన గుర్రానికి అది ఊపిరితిత్తుల్లోకి దిగితే శూల తగ్గినా న్యుమోనియాతో పోతుంది. డాక్టరు చేసేదీ నూనె పంపడమే, కానీ ముక్కు నుంచి గొట్టం నేరుగా పొట్టలోకి దించి పంపుతాడు. మామూలుగా గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. 60 దాటిందంటే, చిగుళ్లు ఎర్రగానో నీలంగానో మారాయంటే ఇంట్లో ఆగొద్దు. మనకు తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. అంత దగ్గర పెట్టుకొని సీసా ఎత్తడమెందుకు?

తిన్నది ఒంటికి పట్టడం లేదని దాణా మార్చేవాళ్లు చాలామంది. దాణా మార్చే ముందు పళ్లు చూడండి. గుడ్డిగుర్రానికి పళ్లు తోమడమంటే పనికిమాలిన పని అని మనకు సామెత. కానీ గుర్రం పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, పక్కన మొనలు తేలి బుగ్గను కోస్తాయి. ఏడాదికోసారి ఆకురాయి పట్టించకపోతే గడ్డి నమలలేక నోట్లోంచి ఉండలుగా ఉమ్మేస్తుంది. పళ్లు బాగుంటే పేడపరీక్షతో నులిపురుగులు చూపించండి. వానాకాలం తరవాత జ్వరం వచ్చీ పోతూ, కాళ్ల కింద నీరు దిగి, బాగా తింటూనే ఎండిపోతుంటే అది సర్రా కావచ్చు. జోరీగలు మోసుకొచ్చే రక్తంలోని పరాన్నజీవి అది, రక్తపరీక్షలో బయటపడుతుంది. ముక్కునుంచి జిగట, చర్మం మీద వరసగా పుండ్లు కనబడితే గ్లాండర్స్ అనుమానించాలి. అది మనుషులకూ అంటుతుంది, దాచిపెట్టే జబ్బు కాదు.

ఎండాకాలంలో గుర్రానికి 30, 40 లీటర్ల నీళ్లు, 30 గ్రాములకు పైన ఉప్పు. ఈ రెండూ ఏ దాణాకైనా తోడుండాల్సినవి, వీటిలో పోటీ లేదు.

ఆషాఢంలో ఆ పాకాల పిల్లోడు మళ్లీ ఫోన్ చేసినాడు. వరిగడ్డి మానేసి కట్టె, లూసర్న్ వేస్తున్నాడంట. ఉలవలు సగం చేసినాడంట. "రోజూ లద్దె చూస్తా ఉండావా?" అంటే, మాట్లాడుతుండగానే వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. అప్పుడు నేను అన్నం తింటున్నాను. ఉండలు ఉండలుగా, పచ్చగా, తడి సరిపోయినట్టు ఉంది. బాగుందని చెప్పి పెట్టేసినాను.