ఇంక్లూడ్-వాట్-యు-యూజ్, రెండేండ్ల వాడకం: తీసెయ్యమన్న హెడర్‌తోనే పంచాయితీ

ఇంక్లూడ్-వాట్-యు-యూజ్ అంటే సి, సి++ ఫైలుకు ఏ హెడర్లు (కోడ్ పైన ఇంక్లూడ్ అని కలుపుకునే ఫైళ్లు) కావాలో, ఏవి అక్కర లేదో చెప్పే టూల్. నల్లగొండ దిక్కు బోర్లకు పెట్టే మోటర్ స్టార్టర్ ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రాం) మీద దీన్ని నడుపుతున్నం. కోడంతా సి. ఇన్‌స్టాల్ గురించి ఒక్కటే మాట: దీని వర్షన్‌కు క్లాంగ్ (ఇది ఆధారపడే కంపైలర్) వర్షన్ జోడు కుదరాలె. 0.21కి క్లాంగ్ 17, 0.22కి 18. స్టడ్‌డెఫ్.హెచ్ దొరకలేదని ఎర్రర్ వస్తే చాలాసార్లు తప్పు మీ కోడ్‌ది కాదు, క్లాంగ్ సొంత హెడర్లున్న ఫోల్డర్ దానికి కనబడుతలేదు.

బాగా నచ్చింది ఏందంటే, ఏ హెడర్ ఏ ఫంక్షన్ కోసం కావాలో ఇంక్లూడ్ పక్కనే రాసిస్తది. పాత కోడ్ అర్థం చేసుకునేటోళ్లకు పెద్ద సాయం.

ఇగ అసలు సంగతి. సింగిల్ ఫేజ్, త్రీ ఫేజ్ బోర్డులకు సోర్సు ఒకటే, తేడాలన్నీ బోర్డ్_కాన్ఫిగ్.హెచ్ అనే హెడర్‌లో మాక్రోలు (డిఫైన్ చేసిన పేర్లు). కరెంటు కొలిచే సీటీ (కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్) త్రీ ఫేజ్ బోర్డుకే ఉంది కాబట్టి, డ్రై రన్ కోడ్ (నీళ్లు లేకుండ మోటర్ తిరిగితే ఆపేది) ఒక ఇఫ్‌డెఫ్ (ఒక మాక్రో డిఫైన్ అయితేనే లోపలి కోడ్‌ను తీసుకొమ్మనేది) లోపల ఉండె. టూల్‌ను సింగిల్ ఫేజ్ బిల్డ్ మీద నడిపితే ఆ మాక్రో డిఫైన్ కాలేదు. డిఫైన్ కాని పేరు ఏ హెడర్‌ది అని అదెట్ల చెప్తది? కాన్ఫిగ్ హెడర్‌ను ఎవరూ వాడుతలేరని తీసెయ్యాల్సిన లిస్టులో రాసింది, దాని ఫిక్స్ స్క్రిప్ట్ (ఆ లిస్టు ప్రకారం ఫైళ్లను మార్చేది) తీసేసింది. తర్వాత త్రీ ఫేజ్ బిల్డ్‌కు ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. తెలియని పేరు ఇఫ్‌డెఫ్‌కు తప్పు కాదు, లోపలి కోడ్‌ను సప్పుడు లేకుండ వదిలేస్తది. ఎండాకాలం బోరు ఆగి ఆగి పోస్తున్నప్పుడు మోటర్‌ను ఆపేది ఆ కోడే. అది లేకుంటే వైండింగ్ కాలుతది. బైనరీ సైజు తగ్గిందని మ్యాప్ ఫైల్ (బైనరీలో ఏ ఫంక్షన్లున్నయో చూపేది) తెరిస్తే ఆ ఫంక్షనే లేదు.

ఇప్పుడు ఇఫ్‌డెఫ్‌లు వద్దన్నం. ప్రతి మాక్రోకు రెండు బోర్డుల్లోనూ 0 లేదా 1 ఉండాలె, వట్టి ఇఫ్‌తోనే చూడాలె, జీసీసీ కంపైలర్‌కు డబ్ల్యుఅన్‌డెఫ్‌ను (డిఫైన్ కాని పేరు ఇఫ్‌లో వస్తే చెప్పే వార్నింగ్) ఎర్రర్‌గా ఇయ్యాలె. హెడర్ పోతే బిల్డ్ అక్కడనే ఆగుతది. 0 అని డిఫైన్ చేసినా వాడకం కిందికే వస్తది కాబట్టి టూల్ కూడా హెడర్‌ను ఉంచుతది. అయినా ఆ లైన్ పక్కన ప్రాగ్మా కీప్ (దీన్ని తీయొద్దని టూల్‌కు చెప్పే కామెంట్) రాసి పెట్టినం. టూల్‌ను రెండు బోర్డులకు వేర్వేరుగా నడిపి, రెండు లిస్టుల్లోనూ ఉన్నదే తీస్తున్నం. కలపమన్నది ఏ ఒక్క లిస్టులో వచ్చినా కలుపుతున్నం.

పైన మెచ్చుకున్న కామెంట్లు కోడ్‌లకు ఎక్కించుడు కూడా బంద్ చేసినం. ఫంక్షన్ తీసేసినంక కూడా దాని పేరు ఇంక్లూడ్ పక్కన అట్లనే ఉండిపోతుండె. రిపోర్టులో చూసుకుంటే చాలు. చిప్ కంపెనీ హెడర్లకైతే మ్యాపింగ్ ఫైల్ (లోపలి హెడర్‌కు బదులు ఏ హెడర్ కలపాలో చెప్పేది) రాయక తప్పదు, లేకుంటే లోపలి హెడర్లను నేరుగా కలపమంటది.

మాకున్నవి రెండే బోర్డులు, అందుకే ఈ పని సాగుతుంది. మీకు ఇరవై కాన్ఫిగరేషన్లుంటే ఫిక్స్ స్క్రిప్ట్ జోలికి పోకుండి, రిపోర్టు చదివి చేత్తో మార్చుకోండి. అదీ కుదరకపోతే, ప్రతి హెడర్‌ను ఒంటరిగా సింటాక్స్-ఓన్లీతో (బైనరీ తయారు చేయకుండ తప్పులు మాత్రమే చూసే కంపైలర్ ఆప్షన్) కంపైల్ చేసి చూడండి. తనకు కావాల్సింది తను ఇంక్లూడ్ చేసుకోని హెడర్లు అక్కడ దొరుకుతయి.