60 రూపాయలకు గారెలేనా, గారెలూ టీయా?

బరంపురంలో సాయంత్రం, జేబులో 60 రూపాయలు. గారెల ప్లేటు 20, టీ 10 అనుకుందాం.

అన్నీ గారెలకే పెడితే మూడు ప్లేట్లు. మొదటిది కరకరలాడుతూ, పంటికింద అల్లం ముక్క తగులుతూ ప్రాణం లేచొస్తుంది. నా నాలుక 40 మార్కులు వేస్తుంది. రెండోదానికి 24. మూడోదానికి నూనె వెగటు, 10 చాలు. మొత్తం 74.

అదే రెండు ప్లేట్లతో ఆపి రెండు టీలు తాగితే? టీలకు 20, 12. మొత్తం 96! నా ఓటు దీనికే. రెండో ప్లేటూ, రెండో టీ కూడా రూపాయికి 1.2 మార్కులు ఇస్తున్నాయి. ఇక డబ్బు ఎటు మార్చినా నష్టమే. ఈ సమాన తృప్తి సూత్రాన్ని జర్మన్ ఆర్థికవేత్త గోసెన్ 1854లోనే రాశాడు. టీ 15 అయిన రోజున మాత్రం మళ్ళీ లెక్క కట్టుకోవాలి.