ఆగుంబెకు వెళ్లేవారు బస గురించి ముందు అడగవలసినది

జూలైలో వాన చూడడానికి కర్ణాటక పశ్చిమ కనుమల్లోని ఆగుంబె వెళ్లాలనుకునే బెంగళూరు తెలుగువారు బస కుదుర్చుకునేటప్పుడు, తడి బట్టలు ఆరబెట్టుకునే చోటు ఉందా అని మొట్టమొదట అడగండి. కిటికీలోంచి లోయ కనబడుతుందా అన్నది తరువాత అడగవచ్చు.

బెంగళూరు మెజెస్టిక్ బస్టాండులో రాత్రి బస్సెక్కి తెల్లవారేసరికి తీర్థహళ్లి, అక్కడినుంచి మరో బస్సులో ఆగుంబె సులువుగానే చేరాము. ఊరికి కాస్త దూరంలో, తోటల మధ్య మేము ఫోనులో మాట్లాడుకున్న బస మాత్రం మమ్మల్ని నిలువునా మోసం చేసింది. భోజనాలతో మనిషికి రోజుకు 2,800 రూపాయలు తీసుకుని, ఎప్పుడూ వేడినీళ్లు, కరెంటు పోతే జనరేటరు అని చెప్పినవారు, మధ్యాహ్నానికే కరెంటు పోతే డీజిలు లేదన్నారు. దుప్పటి చెమ్మగా ఉంది, దిండు గలీబు అంచున బూజు నల్లటి చుక్కలుగా కనబడింది. బకెట్టు వేడినీళ్లకు 60 రూపాయలు, గొడుగుకు 100 రూపాయలు బిల్లులో వేశారు. మా నాన్నగారి స్వెటరు ఆరబెట్టడానికి వంటింటి పొయ్యి దగ్గర కాస్త చోటడిగితే, అతిథులు లోపలికి రాకూడదని తలుపు వేసుకున్నారు. డెబ్బై దాటిన మనిషి రాత్రంతా వణికారు, మా ఆవిడ తెల్లవారేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

మరునాడు ఊళ్లోనే ఒక పాత పెంకుటింటికి మారాము. భోజనంతో మనిషికి 700 రూపాయలు. అక్కడ స్నానాలగదిలో పెద్ద రాగి కాగు కింద పగలంతా కట్టెలు మండుతూనే ఉంటాయి, దానిపైన కట్టిన వెదురు దండెం మీద ఇంటివారి బట్టలతో పాటే మా బట్టలూ ఆరాయి. వేడి నీరుదోసె, కొబ్బరి చట్నీ, లేత మామిడిపిందెల ఊరగాయ, మిరియాల ఘాటు తగిలే కషాయం నాన్నగారికి మళ్లీ ఓపిక తెచ్చాయి.

మాది అనంతపురం జిల్లా. అక్కడ ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర, ఆగుంబె సగటు సుమారు 7,600. సముద్రపు ఒడ్డునే ఉన్న ఉడుపికి 4,000 పైచిలుకు చాలినప్పుడు, కొండమీది ఈ ఊరికే ఇంత వాన ఎందుకని నాన్నగారు అడిగారు. ఇంటాయన మమ్మల్ని కనుమ అంచుకు తీసుకెళ్లి, కొండ కిందున్న సోమేశ్వరం వైపు లోయలోంచి మేఘాలు పైకి పాకి రావడం చూపించారు. అరేబియా సముద్రం మీదుగా తేమను మోసుకొచ్చే నైరుతి గాలికి ఇక్కడ పశ్చిమ కనుమలు ఒక్కసారిగా 650 మీటర్ల దాకా నిటారుగా అడ్డం నిలుస్తాయి కనుక, ఆ గాలి పైకెక్కక తప్పదు. పైకెక్కిన కొద్దీ వ్యాకోచించి చల్లబడి, మోసుకొచ్చిన ఆవిరిని పట్టి ఉంచలేక ఈ అంచుమీదే కుమ్మరిస్తుంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు వెలువడే వేడి ఆ గాలిని మరింత పైకి నెడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇదే వరుస. ఇక్కడ బట్టలు నిప్పు లేకుండా ఆరకపోవడానికి కారణం కూడా గాలిలో నిండిన ఆ తేమే.

కొండ దాటి తూర్పుకు దిగే గాలి మళ్లీ వేడెక్కి పొడిబారిపోతుంది. చిత్రదుర్గం, దాని తరువాత మా అనంతపురం ఆ పొడి గాలి దారిలోనే ఉన్నాయి. అది విని నాన్నగారు చాలాసేపు ఆలోచించి, "ఈడ పడేదాంట్లో పదోవంతు మనకు పడినా చాలు గదరా, చెనిక్కాయకు అప్పు చేసే పనే ఉండదు" అన్నారు. ఆయనన్న లెక్క నిజమే, పదోవంతన్నా 760 మిల్లీమీటర్లు అవుతుంది.

ఈ మధ్య కొన్ని ఏళ్లలో హొసనగర దగ్గరి హులికల్ ఆగుంబెను మించిందని ఇక్కడివారే చెబుతారు, అయినా బసలూ బస్సులూ చూసుకుంటే ఆగుంబెకు వెళ్లడమే మేలు. జలగలకు ఉప్పుపొట్లం, తోలు బూట్లకు బదులు ప్లాస్టిక్ చెప్పులు తీసుకెళ్లండి. వాన చూడాలంటే జూలైలోనే వెళ్లాలి, అడవిలో నడవాలనుకునేవారు నవంబరు దాటాక వెళ్లడం మంచిది. బసకు ముందుగా డబ్బు మొత్తం కట్టవద్దు. మేము కట్టినందుకు, ఉండని రెండో రోజు అద్దెలో ఒక్క రూపాయి కూడా తిరిగి రాలేదు.