హైదరాబాద్‌కి చిన్న కెమెరా పట్టుకెళ్తే: ఎక్కడ ఆటోఫోకస్, ఎక్కడ మాన్యువల్

చిన్న డిజిటల్ కెమెరాతో హైదరాబాద్ వెళ్లేవాళ్లు ఆటోఫోకస్ (కెమెరా తనంతట తానే ఫోకస్ పెట్టుకోవడం) ఎక్కడ చేతులెత్తేస్తుందో ముందే తెలుసుకుని వెళ్తే మంచిది. గోల్కొండలో ఆ బెంగే లేదు. ఎండలో కోటగోడలు, బాలాహిసార్ మెట్లు, దూరాన కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు, అన్నీ షటర్ సగం నొక్కగానే దొరికిపోతాయి. అక్కడ మాన్యువల్ (చేత్తో ఫోకస్ పెట్టడం) జోలికి పోవడం దండగ.

అసలు పరీక్ష సాలార్‌జంగ్ మ్యూజియంలో. గోథే 'ఫౌస్ట్' నాటకంలోని సైతాను మెఫిస్టోఫిలిస్, అందులోని అమ్మాయి మార్గరెటా జంట శిల్పాన్ని ఒకే కొయ్యలో చెక్కారు. ముందువైపు అతను, వీపువైపు ఆమె. శిల్పం వెనకున్న అద్దంలోనే ఆమె మనకు కనబడుతుంది. చిన్న కెమెరాలు చాలావరకు లెన్సును ముందుకూ వెనక్కూ జరుపుతూ, అంచులు ఎక్కడ బాగా తేలితే అక్కడ ఆగుతాయి. ఆ మసక వెలుతుర్లో జూమ్ చేస్తే నా కెమెరా పదేపదే దగ్గరున్న అతని మీదే ఆగింది. అద్దంలో ఉన్నామెకు ఫోకస్ పెట్టాలంటే అద్దం దాకా కొలిస్తే చాలదు, అద్దం నుంచి శిల్పం దాకా ఉన్న దూరం కూడా కలపాలి. మాన్యువల్‌లోకి మార్చి, తెర మీద ఆ భాగాన్ని పెద్దది చేసి, దూరం కొద్దికొద్దిగా పెంచుతూ పోయాను. వాల్చిన ఆ కళ్లు స్పష్టంగా తేలేసరికి ప్రాణం లేచొచ్చింది. శుక్రవారం మ్యూజియానికి సెలవు, గుర్తుంచుకోండి.

లాడ్‌బజార్‌లో లక్కగాజుల మెరుపులకీ ఆటోఫోకస్ తికమకపడుతుంది. మాన్యువల్‌లో దగ్గరి దూరం ఒకటి ఖాయం చేసుకుని, మనమే కాస్త ముందుకీ వెనక్కీ ఊగుతూ గాజుల్లో పొదిగిన రాళ్లు తేలినప్పుడు నొక్కడం నయం. ఫొటో తీసుకోవచ్చా అని అడిగితే ఓ దుకాణదారు "తీస్కో అన్నా" అంటూ బల్బు గాజుల వైపు తిప్పాడు. అంత మర్యాద నాకింకెక్కడా ఎదురవలేదు.

సాయంత్రం చార్మినార్ చుట్టూ జనంలో ఇంకో పద్ధతి పనికొస్తుంది. చిన్న కెమెరాలో సెన్సర్ (బొమ్మను పట్టే చిప్పు) చిన్నది కాబట్టి, జూమ్ లేకుండా ఫోకస్‌ను మీటరున్నర దగ్గర పెట్టేస్తే దాదాపు మీటరు నుంచి మినార్ల దాకా అన్నీ సరిపడా స్పష్టంగా వస్తాయి. కెమెరా తడుముకునే ఆలస్యం ఉండదు. సెన్సర్ పెద్దదైన ఖరీదు కెమెరాల్లో ఇంత వెసులుబాటు దొరకదు.

బస నాంపల్లిలో ఓ లాడ్జి. గది శుభ్రంగా ఉంది, మెట్రోలో నేరుగా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్)లో దిగొచ్చు. కానీ గది మొత్తానికి ఒక్కటే ప్లగ్గు, అదీ టీవీకి. మాన్యువల్‌తో తెర ఎక్కువసేపు వెలిగి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది కాబట్టి ఇది చిన్న లోటు కాదు. గది తీసుకునేముందు ప్లగ్గులు చూసుకోండి.

జూపార్కులో ఆటోఫోకస్ బోను జాలీనే పట్టుకుంటుంది. అనుమతించిన చోట జాలీకి వీలైనంత దగ్గరగా నిలబడి, పూర్తిగా జూమ్ చేసి, జంతువు ఉన్న దూరానికి చేత్తో ఫోకస్ పెడితే తీగలు కరిగిపోయినట్టు మాయమవుతాయి. సోమవారం తప్ప ఏ రోజైనా వెళ్లొచ్చు.