డాలస్ వాళ్ళూ, 1031 చేసే ముందు ఇది చదవండి

మమ్మల్ని ఇరికించిన రియల్టర్ ఎవరో మీలో సగం మందికి తెలుసు, పేరు రాయను. సంక్రాంతి సంబరాల బ్యానర్ మీద, ప్రతి వాట్సాప్ గ్రూపులో పళ్ళికిలిస్తూ కనిపించే మన తెలుగాయనే.

డాలస్ పక్కన ప్లేనోలో మా రెంటల్ ఇల్లు అమ్మాం. లాభం మీదే కాదు, ఇన్నేళ్ళూ ఇల్లు పాతబడిందని ట్యాక్స్‌లో తగ్గించి చూపించిన డిప్రీసియేషన్ మీద కూడా 25 శాతం దాకా ట్యాక్స్ పడుతుందని మా సీపీఏ (ట్యాక్స్ లెక్కలు చూసే అకౌంటెంట్) చెబితే 1031 ఎక్స్ఛేంజ్‌కి వెళ్ళాం. అంటే అమ్మిన డబ్బుతో ఇంకో రెంటల్ ప్రాపర్టీ కొని, ఆ ట్యాక్స్ ఇప్పుడు కట్టకుండా వాయిదా వేసుకోవడం. రూల్స్ మీకు తెలిసినవే. అమ్మిన డబ్బు మన చేతికి రాకూడదు, మధ్యలో డబ్బు దాచిపెట్టే ఇంటర్మీడియరీ కంపెనీ దగ్గరే ఉండాలి. క్లోజింగ్ నుంచి 45 రోజుల్లో ఏ ప్రాపర్టీలు కొంటామో రాసివ్వాలి, 180 రోజుల్లోపు కొనేయాలి. శని ఆదివారాలు, పండగలు అన్నీ అందులోనే.

"మీరు టెన్షన్ పడకండన్నా, సెలైనాలో మనకి తెలిసిన బిల్డర్ ఉన్నాడు, ఇళ్ళు రెడీగా ఉన్నాయి" అన్నాడు మన రియల్టర్. సెలైనా కూడా డాలస్ దగ్గరి ఊరే. మూడు ఇళ్ళ అడ్రస్‌లు ఇచ్చాడు. మూడూ ఆ ఒక్క బిల్డర్‌వే. అవే రాసిచ్చాం. కాంట్రాక్ట్ ఎప్పుడని అడిగినప్పుడల్లా "రేటు మాట్లాడేశానన్నా, పేపర్లు వచ్చే వారం" అనేవాడు. ఆ వచ్చే వారం 45వ రోజు దాటాకే వచ్చింది. ఒక్కో ఇంటి మీద 38 వేల డాలర్లు పెరిగాయట!

ఫోన్ చేశాను. అప్పటిదాకా నోరారా అన్నా అన్నవాడు ఒక్కసారిగా సార్ అన్నాడు. "చూడండి సార్, ఇప్పుడు లిస్టు మార్చడానికి కుదరదు. మీకు పడే ట్యాక్స్ దీనికంటే ఎక్కువే. లెక్కేసుకోండి, ఈ రేటుకి కొన్నా మీకే లాభం." పక్కన ఎవరో ఉన్నట్టున్నారు, నవ్వు కూడా వినిపించింది. నాకు ఎంత ట్యాక్స్ పడుతుందో వాడికెలా తెలుసనుకుంటున్నారా? సీపీఏ ఇచ్చిన లెక్క నేనే పంపాను, పీడీఎఫ్ చేసి మరీ. నా ట్యాక్స్ చూసుకుని నాకే రేటు కట్టాడు. ఎంత పెంచితే నేను నోరు మూసుకుని కొంటానో వాడికి డాలర్లతో సహా తెలుసు. ముందురోజు వరకు ఈ మాట ఎందుకు చెప్పలేదని అడిగితే "బిల్డర్ ఇష్టం సార్" అని పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

సరే, ఎక్స్ఛేంజే వద్దు, నా డబ్బు నాకివ్వండని ఇంటర్మీడియరీని అడిగాను. అక్కడ ఇంకో దెబ్బ. 45 రోజుల్లో ఏమీ రాసివ్వకపోతే డబ్బు వెంటనే తీసుకోవచ్చు. ఒకసారి రాసిచ్చాక వాటిని కొననైనా కొనాలి, లేదా 180 రోజులు అయ్యేదాకా ఆగాలి. అది ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) రూలే, వాళ్ళని అనడానికి లేదు.

"ట్యాక్స్ ప్రభుత్వానికే కడదాం, వాడికి మాత్రం ఒక్క పైసా కమీషన్ పోకూడదు" అంది మా ఆవిడ. అదే చేస్తున్నాం. డబ్బు ఇంటర్మీడియరీ దగ్గర కూర్చుంది, మేము క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నాం.

మీరు చేసేటట్లయితే, పాతది క్లోజ్ అవకముందే కొత్తదాని మీద కాంట్రాక్ట్ రాయించుకోండి. విలువతో పని లేకుండా మూడు ప్రాపర్టీల వరకు రాసివ్వొచ్చు కదా, ఆ మూడూ వేరు వేరు అమ్మకందారులవి అయ్యేలా చూసుకోండి. ట్యాక్స్ లెక్క రియల్టర్‌కి చూపించకండి. గ్రూపులో ఒకరు అడిగారు, ఇక్కడిది అమ్మి కోకాపేటలో ప్లాట్ కొంటే 1031 వర్తిస్తుందా అని. వర్తించదు. అమెరికా ప్రాపర్టీకి అమెరికా ప్రాపర్టీయే కావాలి. వర్తిస్తుందని ఎవరైనా చెబితే వాడు కూడా ఏదో ఒక బ్యానర్ మీద ఉండే ఉంటాడు.