లైసెన్సు అక్కర్లేదంటూ విశాఖలో అమ్ముతున్న పాత త్రీనాట్‌త్రీ రైఫిళ్ల విషయంలో జాగ్రత్త

పాత సైనిక ఆయుధాలను సేకరించి బాగుచేసుకునే అభిరుచి ఉన్నవారికి ఈ హెచ్చరిక. విశాఖపట్నంలో ఒక మధ్యవర్తి తెలిసినవాళ్ల ద్వారా కబురు పంపి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ (త్రీనాట్‌త్రీ, అంటే .303 తూటా వాడేది) ఉందనీ, అది పేలకుండా పూర్తిగా నిర్వీర్యం చేసినదనీ, వందేళ్లు దాటిన పురావస్తువు కనుక లైసెన్సుతో పనిలేదనీ చెప్పి అడ్వాన్సులు తీసుకుంటున్నాడు. నా దగ్గర 20,000 రూపాయలు తీసుకున్నాడు. వస్తువును చూసిన తరువాత నేను బేరం రద్దు చేసుకున్నాను. డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు. అయితే నేను రాస్తున్నది ఆ డబ్బు గురించి కాదు. ఆ రైఫిల్‌ను నమ్మి ఇంటికి తీసుకువెళ్లినవారిపై పడగల కేసుకు కనీస శిక్షే ఏడేళ్ల జైలు.

రైఫిల్‌ను పాతనగరంలో ఒక ఇంటి వెనుక గదిలో చూపించారు. చెక్కకు కొత్తగా అవిసె నూనె పట్టించి నిగనిగలాడేలా చేశారు. బోల్టు (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) వెనుక, భుజానికి ఆనించే చెక్క బట్టు అమరే ఇనుప భాగం మీద కుడివైపున కిరీటం గుర్తు, బ్రిటిష్ రాజును సూచించే జీఆర్ఐ అక్షరాలు, తయారుచేసిన ఇషాపూర్ ఫ్యాక్టరీ పేరు, వాటి కింద 1942 సంవత్సరం స్పష్టంగా కనిపిస్తున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం 1918లోనే ముగిసింది కదా అని అడిగితే, బారెల్ మాత్రం అంతకంటే పాతదని జవాబిచ్చారు. బోల్టు పిడి మీది నంబరు ఒకటి, రైఫిల్ మీది నంబరు మరొకటి. బట్టు మీద గరుకు కాగితంతో రుద్దిన చోట డీపీ అనే రెండు అక్షరాల ఆనవాలు ఇంకా మిగిలి ఉంది.

ఆ రెండు అక్షరాలున్న రైఫిళ్లు కవాతు శిక్షణకు కేటాయించినవి. అవి పేలకుండా ఉండేందుకు చాలావాటికి తూటా కూర్చునే గది గోడలో రంధ్రం వేసేవారు, తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ను మొన తొలగించేవారు. పైచెక్క విప్పి చూపమని పట్టుబట్టగా, సరిగ్గా ఆ గది మీద చిటికెన వేలి గోరంత గుండ్రని మచ్చ కనిపించింది: రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి, ఆకురాయితో సమం చేసి, పైన నలుపు పూశారు. వాళ్లే బారెల్ మూతిలోంచి వదిలిన సన్నని ఇత్తడి కడ్డీ ఎక్కడా అడ్డు తగలకుండా బోల్టు ముఖం వరకు దిగింది. అంటే ఒకప్పుడు నిర్వీర్యం చేసిన రైఫిల్‌ను ఎవరో మళ్లీ పేలేలా చేయబోయారన్నమాట. అలాంటి దానిలో తూటా పెట్టి పేల్చినవాడి కళ్లకూ చేతులకూ పూచీ ఎవరిది?

ఇక చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టంలోని 45వ సెక్షను పురాతన ఆయుధాలకు మినహాయింపు ఇస్తున్న మాట నిజమే. కానీ ఆ ఆయుధం మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా ఉపయోగపడని స్థితిలో ఉండాలని అదే వాక్యంలో ఉంది. మధ్యవర్తులు ఈ రెండో సగాన్ని మింగేస్తారు. వందేళ్ల లెక్క 1972 నాటి పురావస్తువుల చట్టానిది; దానివల్ల తుపాకీకి లైసెన్సు మినహాయింపు రాదు. పైగా .303 మన దేశంలో నిషిద్ధ బోరు (బోరు అంటే బారెల్ లోపలి వ్యాసం). దానికి అనుమతి ఇచ్చే అధికారం కేంద్ర ప్రభుత్వానిది, స్థానిక అధికారులది కాదు. 2019 సవరణ తరువాత నిషిద్ధ ఆయుధాన్ని అక్రమంగా ఉంచుకున్నందుకు శిక్ష ఏడు నుంచి పద్నాలుగేళ్లు.

రైఫిల్‌ను నిర్వీర్యం చేశారనడానికి చూపిన సర్టిఫికెట్ బ్రిటన్‌లో తుపాకులను పరీక్షించే ఒక ప్రూఫ్ హౌస్ ఇచ్చిన పత్రానికి జిరాక్సు కాపీ. అందులోని నంబరు ఆ రైఫిల్ మీద ఎక్కడా లేదు. ఒకవేళ ఉన్నా, అది ఆ దేశపు చట్టం కోసం ఇచ్చిన కాగితం. అమెరికా వీడియోలు చూపించి ఒప్పించే ప్రయత్నం కూడా జరిగింది. అక్కడి కేంద్ర చట్టం ప్రకారం పురాతన తుపాకీ అంటే 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనది. ఆ లెక్కన చూసినా 1942 నాటి రైఫిల్ పురాతనం కాదు.

విడిభాగాల విషయంలో మనవాళ్లు ఎక్కువగా బోల్తా పడుతున్నారు. అమెరికాలో కేంద్ర చట్టం తుపాకీగా లెక్కించేది రిసీవరునే (బారెల్, బోల్టు అమరే మూల భాగాన్ని) కాబట్టి, పాత రైఫిల్ బారెల్‌నూ బోల్టునూ అక్కడ మామూలు సరుకులా అమ్ముతారు. బ్రిటన్‌లో పేలుడు ఒత్తిడిని భరించే ఆ రెండు భాగాలకూ లైసెన్సు లాంటి తుపాకీ సర్టిఫికెట్ కావాలి. మన చట్టంలో తుపాకీ అనే మాట నిర్వచనంలోనే దాని భాగాలు కూడా చేరి ఉన్నాయి, మరమ్మతును వృత్తిగా చేసేవారికి వేరే లైసెన్సు ఉండాలి. ఈ మధ్యవర్తి మాత్రం విదేశం నుంచి బోల్టు తెప్పిస్తాననీ, తన దగ్గరి మెకానిక్ బిగిస్తాడనీ ఎంతో మామూలుగా చెప్పాడు.

నేను వద్దన్న తరువాత వచ్చిన ప్రతిపాదన ఇంకా ప్రమాదకరమైనది. నంబరు మార్చి కాగితాల్లో .315గా ఎక్కిస్తామన్నారు. ఇషాపూర్ ఫ్యాక్టరీ లీ ఎన్‌ఫీల్డ్ నమూనా మీదే తయారుచేసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ నిషిద్ధం కాని బోరుది, లైసెన్సు మీద దొరుకుతుంది. రెండింటికీ పోలిక ఉంది కనుక ఈ ఎత్తు వేశారు. నంబరును చెరపడం, మార్చడం 8వ సెక్షను కింద నిషిద్ధం. అలా చెరిపిన తుపాకీ ఎవరి దగ్గర దొరికితే వారే చెరిపారని, కాదని వారు రుజువు చేసుకునే వరకు, చట్టం భావిస్తుంది. మధ్యవర్తి పేరు ఆ కాగితాల్లో ఎక్కడా ఉండదు.

ఎన్‌ఫీల్డ్ పోలికే కావాలనుకునేవారు లైసెన్సు తీసుకుని, లైసెన్సున్న డీలరు వద్ద .315 కొనుక్కోవచ్చు. వ్యక్తి నుంచి కొంటే, అమ్మేవారి లైసెన్సునూ అందులోని యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే విశిష్ట గుర్తింపు) నంబరునూ చూసి, పోలీసు కమిషనర్ కార్యాలయంలో నిర్ధారించుకోకముందు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. తాతల నాటి తుపాకీ ఇంట్లో ఉన్న కుటుంబాలకు కూడా వారసత్వం దానంతట అది లైసెన్సు కాదు. 2019 నుంచి ఒక్కరి దగ్గర రెండుకు మించి ఉండకూడదన్న పరిమితి వారసత్వ ఆయుధాలకూ వర్తిస్తుంది. ఈ మధ్యవర్తి నుంచి ఇప్పటికే ఏదైనా తీసుకున్నవారు దాన్ని విప్పడం, అమ్మడం, మరొకరి ఇంట్లో దాచడం చేయకుండా ముందు న్యాయవాదిని కలిసి, ఆయన ద్వారానే పోలీస్ స్టేషనులో అప్పగించే మార్గం చూసుకోవడం మంచిది.

అడ్వాన్సు చెల్లించిన రసీదు, ఫోన్ సందేశాలు, ఆ సర్టిఫికెట్ ఫోటో జతచేసి నేను ఫిర్యాదు ఇచ్చాను. ఇదే మాటలతో ఎవరినైనా సంప్రదించి ఉంటే, ఆ సందేశాలను తొలగించకుండా భద్రపరచి తమ పరిధిలోని స్టేషనులో తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.