ఇంట్లో వాడే బీపీ మిషన్: అలవాట్ల ఫలితాన్ని అంకెల్లో చూపే పరికరం

రక్తపోటు పెరిగినా చాలామందిలో నొప్పి ఉండదు, నలత ఉండదు, బయటికి ఏ లక్షణమూ కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 30 నుంచి 79 ఏళ్ల మధ్య వయసువారిలో 120 కోట్ల మందికి పైగా అధిక రక్తపోటు ఉంది, వారిలో దాదాపు సగం మందికి ఆ సంగతే తెలియదు. ఉప్పు తగ్గించండి, కూరగాయలూ పండ్లూ పెంచండి, రోజూ నడవండి అని అందరూ చెబుతారు. కానీ అవన్నీ పాటించాక లోపల ఏమైనా మారిందో లేదో తెలుసుకునే దారి లేకపోవడం వల్ల ఎంత మంచి సలహా అయినా కొద్ది రోజులకే మూలన పడుతుంది. ఆ లోటును తీర్చగలదన్న ఆశతో కొని, మా ఇంట్లో పెద్దలందరం వాడుతున్న డిజిటల్ బీపీ మిషన్ గురించి ఇక్కడ రాస్తున్నాను. మోచేతికి పైన కఫ్ (గాలి నిండే పట్టీ) చుట్టే ఈ రకం మిషన్లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి కనుక ఏ కంపెనీదన్న చర్చలోకి వెళ్లడం లేదు.

స్టెతస్కోప్‌తో చప్పుళ్లు వింటూ బీపీ చూడటం 1905లో రష్యన్ వైద్యుడు నికొలాయ్ కొరొట్కొఫ్ చూపిన పద్ధతి. ఇంటి మిషన్ ఆ చప్పుళ్లను వినదు. కఫ్‌లో గాలి ఒత్తిడి మారుతున్నప్పుడు రక్తనాళపు గోడ కదలికల వల్ల పుట్టే చిన్న చిన్న ప్రకంపనలను పసిగట్టి, అవి ఎక్కడ బలంగా ఉన్నాయో చూసి, పై అంకెనూ (గుండె ముడుచుకున్నప్పటి ఒత్తిడి) కింది అంకెనూ (గుండె సడలినప్పటి ఒత్తిడి) తన సూత్రం ప్రకారం లెక్కగడుతుంది. ఆ సూత్రం కంపెనీకో తీరుగా ఉంటుంది, దాన్ని వారు బయటపెట్టరు. అందుకే పెట్టె మీద రాసిన సదుపాయాల జాబితా కంటే ముందు, ఐఎస్ఓ 81060-2 వంటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మనుషుల మీద పరీక్షించి నిర్ధారించిన మోడలేనా అన్నది చూడాలి. మణికట్టుకు కట్టేవి చిన్నగా, సౌకర్యంగా ఉంటాయి గానీ, చెయ్యి గుండె ఎత్తుకు కాస్త పైకో కిందికో జరిగితే చాలు, అంకె మారిపోతుంది. వాటిని నేను సిఫార్సు చేయను.

మిషన్ కంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కఫ్ మీద. కఫ్‌లో గాలి నిండే సంచి చేతి చుట్టుకొలతలో సుమారు 80 శాతాన్ని చుట్టుకోవాలి. లావు చేతికి చిన్న కఫ్ బిగిస్తే లేని బీపీ ఉన్నట్టు కనిపిస్తుంది. 2023లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, అతి పెద్ద కఫ్ అవసరమైన వారికి మామూలు కఫ్ వాడినప్పుడు పై అంకె సగటున 19 పాయింట్లకు పైగా ఎక్కువ వచ్చింది. అంత తేడా ఒక మనిషిని అనవసరంగా మందుల దాకా తీసుకెళ్లగలదు. మేము కొన్న పెట్టెలో మధ్య సైజు కఫ్ ఒక్కటే ఉంది. మా ఇంట్లో ఒకరికి అది సరిపోక పెద్దది విడిగా తెప్పించుకోవలసి వచ్చింది, ఆ సంగతి అమ్మేటప్పుడు ఎవరూ చెప్పలేదు. కొనే ముందు టేపుతో భుజానికీ మోచేతికీ మధ్యన చుట్టుకొలత తీసుకుని, కఫ్ మీద అచ్చువేసిన సెంటీమీటర్లతో పోల్చుకోవడం తప్పనిసరి.

ఇక చూసుకునే పద్ధతి. అంతకుముందు అరగంటలో కాఫీ, పొగ, వ్యాయామం ఉండకూడదు. మూత్రవిసర్జన చేసి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యిని గుండె ఎత్తులో బల్ల మీద ఉంచి, కఫ్‌ను చొక్కా మీద కాకుండా ఒంటికి తగిలేలా చుట్టాలి. మిషన్ నడుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, ఎందుకంటే మాటల వల్లే పై అంకె పది పాయింట్ల దాకా పెరగవచ్చు. నిమిషం వ్యవధితో రెండుసార్లు, ఉదయమూ సాయంత్రమూ, వారం పాటు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగిలిన వాటి సగటు తీయమని యూరప్ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ సగటు 135/85 లేదా అంతకు మించితే ఇంటి కొలతల్లో దాన్ని అధిక రక్తపోటుగా పరిగణిస్తారు. ఆసుపత్రిలో వాడే 140/90 హద్దుకు ఇది సమానం. అమెరికా వైద్యులు 2017 నుంచి 130/80 దగ్గరే గీత గీస్తున్నారు. ఒక్క రీడింగ్ చూసి కంగారు పడటమూ, ఒక్క రీడింగ్ చూసి నిశ్చింతగా ఉండటమూ రెండూ తగవు.

ఈ పరికరం అసలు విలువ నాకు తెలిసింది తిండి విషయంలోనే. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఒక చిన్న టీస్పూను కంటే తక్కువ. వంటలో చేత్తో వేసే ఉప్పు కంటికి కనిపిస్తుంది, ప్యాకెట్లలోది కనిపించదు. లేబుల్ మీద సోడియం అని ఉన్న అంకెను 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములకు 800 మిల్లీగ్రాముల సోడియం అని రాసి ఉన్న చిరుతిండి ప్యాకెట్ తీసుకోండి. ఆ 100 గ్రాములు తింటే 2 గ్రాముల ఉప్పు లోపలికి వెళ్లినట్టే, అంటే రోజు మొత్తానికి అనుమతించిన దానిలో 40 శాతం, అదీ భోజనానికి కూర్చోక ముందే. మా ఇంట్లో అందరం లేబుళ్లు చదవడం మొదలుపెట్టి, ఉప్పును ఒక్కసారిగా కాకుండా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాం. నాలుక కొన్ని వారాల్లోనే అలవాటు పడింది, పాత మోతాదు ఇప్పుడు నోటికి మరీ ఉప్పగా తోస్తోంది. వారాల సగటు మెల్లగా దిగుతూ కనిపించడమే ఆ అలవాటును నిలబెట్టింది.

తిండితో బీపీ తగ్గుతుందన్నది పెద్దల నమ్మకం మాత్రమే అనుకునే వారికి డాష్ పరిశోధన గురించి చెప్పాలి. 1997లో వెలువడిన ఆ ప్రయోగంలో ఉప్పునూ, మనుషుల బరువునూ మార్చకుండా, పండ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువ ఉన్న పాల పదార్థాలు పెంచి, సంతృప్త కొవ్వు తగ్గించిన భోజనం పెట్టారు. అప్పటికే అధిక రక్తపోటు ఉన్నవారిలో పై అంకె, మామూలు భోజనం తిన్నవారితో పోలిస్తే, 11 పాయింట్లకు పైగా దిగింది. మార్పు రెండు వారాల్లోనే కనిపించింది. 2001లో వచ్చిన రెండో ప్రయోగం, ఇదే భోజనంలో ఉప్పు కూడా తగ్గిస్తే మేలు ఇంకా పెరుగుతుందని చూపింది. వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక, అధిక బరువుంటే తగ్గించుకోవడం, మద్యం మానడం, కంటినిండా నిద్ర, ఇవన్నీ తోడైతే మిషన్ మీది అంకె మరింత దిగివస్తుంది. వీటిలో ఏదీ రాత్రికి రాత్రే ఫలితం ఇవ్వదు కనుక, మిషన్‌లో దాచిన రీడింగుల సగటును వారానికోసారి చూసుకోవడమే మంచిది. ఒకే మిషన్‌ను ఇద్దరు వాడినా లెక్కలు కలిసిపోకుండా మా మోడల్‌లో విడి ఖాతాలు ఉండటం ఎంతో ఉపయోగపడింది.

నచ్చనిది దీనితో వచ్చే ఫోన్ యాప్. రీడింగ్ కాస్త ఎక్కువ రాగానే స్క్రీన్ అంతా ఎర్రబడుతుంది. ఆ పక్కనే బీపీని సహజంగా తగ్గిస్తాయంటూ ఏవో మాత్రల ప్రకటనలు వస్తాయి. బీపీ చూసుకునే మనిషిని భయపెట్టి సరుకు అమ్మడం అన్యాయం. నేను యాప్ తీసేసి, తేదీ, సమయం, రెండు అంకెలూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. డాక్టరుకు చూపించడానికి కూడా అదే తేలిక.

పరిమితులు కూడా స్పష్టంగా చెప్పాలి. గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో ఈ మిషన్ లెక్క తప్పవచ్చు. గర్భిణులు తమకోసం ప్రత్యేకంగా పరీక్షించిన మోడలే వాడాలి. పొటాషియం కలిపిన ఉప్పు మంచిదని విని కొనేవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నా, పొటాషియాన్ని పెంచే బీపీ మందులు వాడుతున్నా, డాక్టరును అడగకుండా దాన్ని ముట్టకూడదు. అంకెలు బాగున్నాయని వాడుతున్న మందులను సొంతంగా ఆపకూడదు, ఆ బాగుండటం మందుల వల్లే కావచ్చు. పై అంకె 180 దాటి, దానితో పాటు ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం వంటివి ఉంటే మళ్లీ మళ్లీ కొలుస్తూ కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో పెద్దలున్న ప్రతి కుటుంబానికీ ఈ పరికరాన్ని మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తున్నాను. బ్యాటరీలతో పాటు అడాప్టరు పెట్టుకునే వీలున్న మోడల్ తీసుకోండి. ఏడాదికోసారి డాక్టరు దగ్గరికి మిషన్‌ను వెంట తీసుకెళ్లి, అక్కడి రీడింగ్‌తో మీ మిషన్ రీడింగ్‌ను పక్కపక్కన సరిచూసుకోండి. కఫ్ అతుకు వదులైనా, గాలి గొట్టం పగిలినా మరమ్మతు చేయించే ప్రయత్నం మాని కొత్త కఫ్ కొనుక్కోండి.